నయీమ్‌లో ఒక మెట్టు

బహ్రెయిన్‌కు ఒంటరిగా వెళ్లాలని నేనెప్పుడూ అనుకోలేదు. మా బడిలో నాతోపాటు పనిచేసే హిందీ టీచరుగారి చెల్లెలు కుటుంబం అక్కడ ఉంటుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇద్దరం వెళ్లొద్దామని ఆవిడే ఉత్సాహపడ్డారు. టిక్కెట్లు తీసుకున్న వారానికి ఆవిడ బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆ పై వారం చెల్లెలి అత్తగారికి ఒంట్లో బాగోలేదని ఆ కుటుంబమంతా ఇండియా వచ్చేసింది. అంటే నన్ను తీసుకెళ్లాల్సిన మనిషీ లేదు, అక్కడ నన్ను దించుకోవాల్సిన ఇల్లూ లేదు. అందరూ మానెయ్యమన్నారు. మా ఆయన మాత్రం పేపరులోంచి తలెత్తకుండా, "వెళ్తే వెళ్లు, ఫోను చెయ్యడం మర్చిపోకు" అన్నారు. అది నాకు ధైర్యం చెప్పడమో, ఎలాగూ వెళ్లదులే అన్న నమ్మకమో అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడంలోనే వెళ్లిపోయాననుకుంటాను.

నలభై తొమ్మిదేళ్ల వయసులో మా మేనల్లుడి కాలేజీ బ్యాగు వీపుకు తగిలించుకుని విమానం ఎక్కాను. గది కూడా వాడే ఫోనులో వెతికి నయీమ్ అనే చోట మాట్లాడి పెట్టాడు. పాత పేట, మనామ నడిబొడ్డున ఉంటుంది, అన్నీ దగ్గరే అన్నాడు. గురువారం సాయంత్రం దిగాను. టాక్సీ అతను చాలాసేపు సందుల్లో తిప్పి ఒక మేడ ముందు దించాడు. రెండో అంతస్తులో గది, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. పడుకున్నాను.

శుక్రవారం ఉదయం టీ తాగి వద్దామని బయల్దేరాను. పాస్‌పోర్టు గదిలో వదలడానికి మనసొప్పక బ్యాగు మొత్తం వీపున వేసుకునే వెళ్లాను. టీ దొరికింది. గది దొరకలేదు.

మా తణుకులో ఎవరికైనా చిరునామా చెప్పాలంటే పోస్టాఫీసు వెనక సందు, డాక్టరుగారి ఇంటి ఎదురుగా అని చెబుతాం. ఇక్కడ వీధులకు పేర్లు లేవు. ఇంటికో నంబరు, రోడ్డుకో నంబరు, బ్లాకుకో నంబరు. మూడూ కాగితం మీద రాసుకునే ఉన్నాను. ఏది ఏ నంబరో రాసుకోలేదు. రోడ్డు నంబరనుకున్నది ఇంటి గోడ మీద కనబడుతోంది, ఇంటి నంబరనుకున్నది వీధి మొగలో కనబడుతోంది. ఫోనులో మ్యాపు తెరుద్దామంటే సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయిగాని ఏమీ తెరుచుకోవడం లేదు. ఇరవయ్యారేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. ప్రపంచ పటంలో ఏ దేశమైనా కళ్లు మూసుకుని చూపిస్తాను. ఆ రోజు కుడిచెయ్యి వైపు తిరగాలో ఎడమచెయ్యి వైపు తిరగాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

ఇక్కడ చిల్లర కొట్టును కోల్డ్ స్టోర్ అంటారు. ఆకుపచ్చ బోర్డున్న అలాంటి కొట్టు ముందుకే నాలుగోసారి వచ్చి చేరాక, "ఇదెక్కడి ఊరమ్మా, మళ్లీ ఇక్కడికే వచ్చాను" అని పైకే అనేశాను.

కొట్టు గట్టు మీద కూర్చున్న మనిషి తలెత్తి, "ఏడికి వోవాలె మేడం?" అన్నాడు.

యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, కాళ్లకు కొత్త చెప్పులు. తెలుగు వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"నా గదికి వెళ్లాలండీ. ఎక్కడుందో తెలియడం లేదు."

"మీది సర్వే డ్యూటీ అనుకున్న. పొద్దటి సంది బ్యాగేస్కొని తిరుగుతున్నరు, ఇంటింటి నంబర్ సూస్తున్నరు, కాయితంల సూస్కుంటున్నరు."

"సర్వే కాదండీ. ఊరు చూడ్డానికి వచ్చాను."

"ఊరు సూడనీకా? ఒక్కలే వచ్చిన్రా?" అతను నన్ను కాసేపు పరీక్షగా చూశాడు. "ఎందుకు మేడం?"

మాట మార్చడానికి, మీరిక్కడే ఉంటారా అని అడిగాను.

"లే మేడం, మామీర్ అని ఇంకో దిక్కున్నది, ఆడ మా లేబర్ క్యాంపు. దుబాయికొచ్చి పద్నాలుగేండ్లయింది గని ఈ మనామ మొత్తం నాలుగైదుసార్లు సూశిననో లేదో. బస్సెక్కి సైటుకు వోతం, బస్సెక్కి క్యాంపుకొస్తం. గంతే."

"దుబాయేమిటండీ? ఇది బహ్రెయిన్ కదా?" నిజంగానే ఒక్క క్షణం ఎక్కడ దిగానో అన్న అనుమానం వచ్చింది.

అతను నవ్వాడు. "బహ్రెయినే మేడం. మా దిక్కు ఏ దేశం వోయినా దుబాయి వోయిండనే అంటరు."

అతనిది జగిత్యాల వైపు పల్లె. తాపీ మేస్త్రి. కాంట్రాక్టు అయిపోయింది, ఆదివారం విమానంలో పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. వెళ్లేలోగా ఒక ఇల్లు చూడాలని ఆ ఉదయం బస్సెక్కి వచ్చాడు. ఎక్కడుందో గుర్తు రాక గట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరిల్లండీ?"

"ఎవలిదో పేరు తెల్వది. ఈడికొచ్చినంక నేను మొట్టమొదలు పనిచేసిన ఇల్లు. మెట్లు నేనే చేసిన. అండ్ల ఒక మెట్టు రెండేళ్లెక్కువైంది."

"రెండేళ్లు ఎక్కువ పట్టిందా?"

"ఏండ్లు కాదు మేడం," అని అతను రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. "గింత మందం ఎక్కువ వడ్డది. సూపర్‌వైజర్ యల్లా యల్లా, జల్ది కానియ్యి అని ఒర్రుతుండె. పొద్దు వోతున్నది. రసమట్టం వెట్టి సూడకుంటనే పై పూత వేసిన. తెల్లారి వచ్చి తీసేద్దామనుకున్న. తెల్లారేసరికి వేరే సైటుకు తోలిన్రు. మళ్ల ఈ దిక్కు రానేలేదు."

"అయితే?"

"అయితే ఏంది మేడం! ఎక్కేటోడు కాలు తగిలి పడతడు. ఆ ఇంట్ల ఒక ముసలామె ఉండె. పద్నాలుగేండ్ల సంది ఎవలన్న పడ్డరో, ఏమైందో అని యాదికొస్తనే ఉంటది. పనిల ఉంటే రాదు, శుక్రారం వస్తది."

నవ్వాలో జాలిపడాలో తోచలేదు. ఇంతకాలం కట్టినవన్నీ వదిలేసి ఒక మెట్టు కోసం వెతుకుతున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నా గది ఎలాగూ దొరకడం లేదు. "పదండి, నేనూ వస్తాను, మీ ఇల్లు వెతుకుదాం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ ఊళ్లో ఎవరి వెనకైనా నడిస్తే చాలనిపించింది, బహుశా.

అతనికి గుర్తున్నవి మూడే. ఇంటికి నీలం తలుపు. వీధి మూల మసీదు, దాని పక్కన రొట్టెల బట్టీ. మిద్దె ఎక్కితే దూరంగా సముద్రం. నయీమ్‌లో ఏ మూల తిరిగినా మసీదు ఉంది, ప్రతి మసీదు దగ్గరా బట్టీ ఉంది. నీలం తలుపులు ఆరు చూశాం. ప్రతి తలుపు ముందూ అతను ఆగి, తల పక్కకు వంచి, "గిది కాదు" అనేవాడు. ఎందుకు కాదో చెప్పేవాడు కాదు. ఏడో తలుపు దగ్గర, "గిదే అనుకున్న గని, అప్పుడు తలుపు గీ దిక్కుకు లేకుండె" అన్నాడు.

"సముద్రం ఏ వైపుండేదండీ? అది తెలిస్తే వీధి తెలుస్తుంది," అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

అతను ఎత్తయిన అద్దాల మేడల వైపు చెయ్యెత్తాడు. "గాడ ఉండె."

"అక్కడ మేడలున్నాయి కదా. సముద్రం ఎక్కడికి పోతుంది?"

"ఈడ సముద్రం జరుగుతది మేడం. మట్టి వోసి ఎనకకు నూకుతరు. తుబ్లీ దిక్కు సముద్రంల సుత గట్లనే. నేనే వోశిన కొన్నొద్దులు."

తీరరేఖ గీయమని ఎంతమంది పిల్లల చేత ఎన్నిసార్లు పటాలు నింపించానో. గీత కాస్త లోపలికి జరిగితే మార్కులు తగ్గించేదాన్ని.

మధ్యాహ్నం నమాజు వేళకు కొట్లన్నీ మూసేశారు. ఇద్దరం ఒక గోడ నీడన కూర్చుని నా బ్యాగులోని జంతికలు తిన్నాం. నేను టీచరునని తెలిశాక మేడం పోయి టీచరమ్మ అయింది. నమాజు అయ్యాక ఎదురుగా బట్టీ తెరుచుకుంది. తెల్లటి పొడుగు అంగీ తొడుక్కున్న ఒక పెద్దాయన వేడి రొట్టెలు చేతి మీద వేసుకుని వెళ్తూ మమ్మల్ని చూసి ఆగాడు. ఏం కావాలని హిందీలో అడిగాడు. ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేశానని తనే చెప్పాడు. మేస్త్రి తనకొచ్చిన హిందీలో, ఇల్లు చూడాలి, మెట్లు ముఖ్యం అని చెప్పాడు.

పెద్దాయన ముఖం విప్పారింది. రండి రండి అని చెయ్యూపుతూ ముందు నడిచాడు. రెండు సందులు దాటి ఒక పాత ఇంటి తాళం తీశాడు. మేస్త్రి గబగబా మెట్లెక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ప్రతి మెట్టు మీదా అరచెయ్యి వేసి చూశాడు. పెద్దాయన ఈలోగా నాకు వంటగది చూపించాడు. కుళాయి తిప్పి నీళ్లు వస్తాయని చూపించాడు. పిల్లలెంతమంది అని అడిగాడు. ఇద్దరన్నాను. అయితే ఈ గది వాళ్లకు సరిపోతుంది, మీ ఆయనకు మెట్లు నచ్చినట్టున్నాయే అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, మేము అద్దె ఇల్లు వెతుక్కుంటున్న మొగుడూపెళ్లాలమని ఆయన అనుకుంటున్నాడని. నాకు చెవులు కాలిపోయాయి. "ఆయన మా ఆయన కాదు" అని హిందీలో ఎలా చెప్పాలో గుర్తుకు రాలేదు. హిందీ టీచరుగారు ఉండుంటే ఎంత బాగుండేదనుకున్నాను.

మేస్త్రి దిగొచ్చి, "అన్నీ సమంగనే ఉన్నయి. గీ ఇల్లు కాదు" అన్నాడు దిగులుగా.

ఈసారి ఇద్దరం కలిసి, చేతులతో, కాళ్లతో, ఒక మెట్టు ఎత్తుగా ఉన్నట్టూ కాలు తగిలి పడబోయినట్టూ నటించి చూపించాం. ఆ ఖాళీ ఇంట్లో నేను మెట్టు తగిలి పడబోయినట్టు మూడుసార్లు నటించాను. మా హెడ్మాస్టరు చూస్తే ఏమనేవారో. పెద్దాయన నోరు తెరుచుకుని చూసి, చూసి, చివరికి నుదురు కొట్టుకుని నవ్వాడు. పద్నాలుగేళ్ల కిందటి పని అని మేస్త్రి చెప్పగానే, అప్పుడు బాగుచేయించిన ఇల్లు తనకు తెలుసన్నాడు. తాళం వేసి, పక్క సందులోకి తీసుకెళ్లి, గోధుమరంగు తలుపు కొట్టాడు.

"తలుపు నీలం కదండీ?" అన్నాను మెల్లిగా.

మేస్త్రి అప్పటికే వంగాడు. గడప పక్కన గోడకున్న గిలాబు మీద, అంటే సిమెంటు పూత మీద, వేళ్లు పెట్టి చూస్తున్నాడు. రంగు మారుతుంది గాని చెయ్యి మారదని తర్వాత చెప్పాడు.

తలుపు తీసినావిడ డెబ్బై దాటిన ముసలావిడ. నల్లబట్ట తలమీదికి లాక్కుంటూ పెద్దాయన చెప్పింది విన్నది. మమ్మల్ని లోపలికి రమ్మంది. తలుపుకు ఎదురుగానే మెట్లు. మేస్త్రి చెప్పులు విప్పి ఎక్కడం మొదలుపెట్టాడు. పై నుంచి మూడో మెట్టు దగ్గర అతని కాలు ఆగింది. అక్కడే కూర్చుండిపోయాడు.

ముసలావిడ అరబ్బీలో గడగడా ఏదో చెప్పింది. ఒక చేత్తో మెట్లెక్కుతున్నట్టు చూపించింది. ఆ చెయ్యి ఒక చోట ఆగి బోర్లా పడింది. తర్వాత కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వింది. పెద్దాయన దాన్ని హిందీలోకి మార్చాడు. భర్త అన్నాడు, కళ్లు అన్నాడు, మెట్టు అన్నాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. రొట్టెలు చల్లారిపోతున్నాయని ఇంటి నుంచి కేకలు కాబోలు, సలాం చెప్పి వెళ్లిపోయాడు. ముసలావిడ కూడా భోజనం వేళని సైగ చేసి మమ్మల్ని సాగనంపింది.

సందు చివర కరక్ చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఇద్దరం అవే మాటలు విన్నాం. ఇద్దరికీ వేరువేరు కథలు అర్థమయ్యాయి.

"ఆవిడ భర్తకు కళ్లు సరిగ్గా కనబడేవి కావట. ఆ మెట్టు ఎత్తుగా తగిలితే ఇంక మేడ దగ్గరికొచ్చేశానని తెలిసేదట. ఆయనకు మంచే జరిగింది మేస్త్రిగారూ. నవ్వుతూ చెప్పింది కదా," అన్నాను.

"గట్ల కాదు టీచరమ్మా. ఆయినె గా మెట్టుకు తగిలి పడ్డడు, కండ్లు వోయినయి. చెయ్యి బోర్ల వేసి సూపించింది కదా."

"మరి ఎందుకు నవ్వింది?"

"దుక్కంల సుత నవ్వుతరు." అతను గ్లాసు కింద పెట్టేశాడు. సగం చాయ్ అలాగే ఉంది.

ఎంత చెప్పినా వినలేదు. నాకూ చెప్తున్నకొద్దీ నా మాట మీద నమ్మకం సడలింది. ఆ చెయ్యి నిజంగానే బోర్లా పడింది కదా అనిపించింది. రేపు సామాన్ తెచ్చి మెట్టు సరిచేస్తానని, ఆ ముసలావిడను ఒప్పించడానికి నేనూ రావాలని అడిగాడు. సరేనన్నాను. నా గది కూడా అతనే కనిపెట్టాడు. పొద్దున నేను చుట్టూ తిరిగిన ఆకుపచ్చ బోర్డు కొట్టుకు రెండు తలుపులున్నాయి, రెండు సందుల్లోకి. రెండో తలుపు ఎదురుగానే నా మేడ. బయల్దేరినప్పుడు చూసిన కొట్టూ ఇదీ వేరనుకుని ఆ ఉదయమంతా తిరిగాను.

శనివారం అతను భుజాన సంచితో వచ్చాడు. ఉలిలాంటి చెన్నీ, సుత్తి, తాపీ, రసమట్టం, చిన్న మూటలో సిమెంటు, ఇంకో మూటలో ఇసుక. ఈసారి తలుపు తీసింది ముసలావిడ మనవరాలు. ఇరవై రెండేళ్లుంటాయి, జీన్స్ వేసుకుంది, ఇంగ్లీషు వచ్చు. నా ప్రాణం లేచొచ్చింది. మొత్తం కథ చెప్పి, నిన్న మీ బామ్మగారు ఏమన్నారో కనుక్కోమన్నాను. ఆ అమ్మాయి లోపలికెళ్లి చాలాసేపు మాట్లాడి, పెదవి కొరుక్కుంటూ వచ్చింది.

"మా తాతయ్య మెట్ల మీద పడిన మాట నిజమేనండీ. కాని ఈ ఇంట్లో కాదు. ముహర్రక్‌లో మా పాత ఇంట్లో, మా నాన్న చిన్నపిల్లాడప్పుడు. కంటి దగ్గర చిన్న దెబ్బ తగిలిందట. ఆయన ఎప్పుడూ కాళ్లకేసి చూడకుండా పైకి చూస్తూ నడిచేవారట, అది గుర్తొచ్చి నవ్వింది. ఈ ఇల్లు బాగుచేయించే నాటికి తాతయ్య లేనే లేరు."

"మరి ఈ మెట్టు?"

"ఏ మెట్టు?"

మేస్త్రి పైకెక్కి చూపించాడు. ఆ అమ్మాయి వంగి చూసింది. "ఇది ఎత్తుగా ఉందా? నేను రోజుకు పదిసార్లు ఎక్కుతాను. ఎప్పుడూ గమనించలేదు. మా ఇంట్లో ఎవరూ గమనించలేదు."

నేను తెలుగులోకి మార్చి చెప్పాను. మేస్త్రి నన్ను నమ్మలేదు. నిన్నటి కథ చెడిపోయింది కాబట్టి ఇవాళ నేను ఇంకో కథ కల్పించి చెబుతున్నాననుకున్నాడు. ఆ పిల్ల కళ్లలోకి చూసి హిందీలో మళ్లీ అడిగాడు, ఎవరూ పడలేదా అని. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. అతని ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల పాటు ప్రతి శుక్రవారం మోసిన బరువును ఎవరో వచ్చి, అది నీది కాదు, అసలు బరువే కాదు అన్నట్టుంది. దాన్ని ఎక్కడ దించాలో అతనికి తెలియడం లేదు.

"సరే, అక్కర్లేకుంటే పోతం టీచరమ్మా," అన్నాడు మెల్లిగా.

అప్పుడే ముసలావిడ లోపలి నుంచి ఏదో కేక వేసింది. ఆ అమ్మాయి తెస్తున్నానంటూ పైనున్న బామ్మ ఫోను కోసం మెట్లెక్కి పరుగెత్తింది. పై నుంచి మూడో మెట్టు దగ్గర కాలు తగిలి, అరిచి, రెండు చేతుల మీదా బోర్లా పడింది. దెబ్బేమీ తగల్లేదు. అలాగే కూర్చుని వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసింది.

"ఇన్నాళ్లూ పడలేదు. మీరు చెప్పాకే పడ్డాను!"

ముసలావిడ వచ్చి మా మీద అరబ్బీలో విరుచుకుపడింది. తిట్లకు దుబాసీ అవసరం లేదు. చివర్న మేస్త్రి సంచి వైపు వేలు చూపించి, "యల్లా!" అంది.

మధ్యాహ్నం దాకా పని నడిచింది. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని చెన్నీతో పై పూతను పొరలు పొరలుగా లేపాడు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా సిమెంటు గట్టిగానే ఉందని విసుక్కున్నాడు, ఆ విసుగులో కొంచెం గర్వం కూడా ఉంది. నేను బకెట్టులో నీళ్లు మోశాను, పెళ్లలు ఎత్తాను, ఇసుక జల్లించాను. జీవితంలో ఎప్పుడూ తాపీ పని దగ్గరికి పోలేదు. నీళ్లు ఎక్కువ పోశానని రెండుసార్లు కసురుకున్నాడు. బడిలో నన్ను కసిరేవాళ్లు ఎవరూ లేరు, అందుకో ఏమో బాగానే అనిపించింది. కొత్త పూత వేసి, రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడుమకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. రేపు సాయంత్రం వరకు కాలు పెట్టొద్దని చెప్పి దాని మీదుగా ఒక పలక అడ్డం వేశాడు. మనవరాలు మాకిద్దరికీ అన్నం పెట్టింది. ముసలావిడ ఇంకా కోపంగానే ఉంది గాని, మేస్త్రి కంచంలో చేపముక్క రెండోసారి వేసింది ఆవిడే.

వెళ్లేటప్పుడు మేస్త్రి, "నేను రేపు ఎల్లిపోత. మీరు సోమారం దాంక ఉంటరు కదా. ఆరినంక ఒక్కసారి ఎక్కి సూడున్రి. ఎట్లున్నదో ఫోన్ల చెప్పున్రి" అన్నాడు. ఊళ్లో వాళ్లింటి ఫోను నంబరు నా కాగితం మీద, ఆ మూడు నంబర్ల కింద రాసిచ్చాడు.

ఆదివారం నేను కోట చూశాను, మ్యూజియం చూశాను, సముద్రం చూశాను. అంతా చూశానుగాని ఇప్పుడు అడిగితే సరిగ్గా చెప్పలేను. ఏ గోడ చూసినా దాని పూత మందమెంతో అని చూస్తున్నాను. ఎందుకొచ్చావని ఆ రోజు మేస్త్రి అడిగిన దానికి ఇప్పుడైనా ఒక జవాబు దొరుకుతుందేమోనని ఆలోచించాను. దొరకలేదు. ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పుకుందామంటే, నేను చూసింది ఒక ఇంటి మెట్లు. మనుషుల కోసం వచ్చానందామంటే, అక్కడ నాకు తెలిసిన మనుషులే లేరు.

సోమవారం పొద్దున ఆ ఇంటికి బయల్దేరి రెండుసార్లు తప్పిపోయి, బట్టీ దగ్గర అడిగి, చేరుకున్నాను. మనవరాలే తలుపు తీసింది. పలక తీసేశారు. కొత్త సిమెంటు మిగతా మెట్లకంటే నల్లగా, ఎక్కడో వేరే ఇంటి ముక్క తెచ్చి అతికించినట్టుంది. నేను చెప్పులు విప్పి ఎక్కాను. కింది నుంచి లెక్కపెడుతూ, జాగ్రత్తగా. ఆ మెట్టు రాగానే నా కాలు అలవాటుగా రెండు వేళ్లు ఎక్కువ లేచింది. ఆ ఎత్తు అక్కడ లేదు. పాదం ఖాళీలో దిగి ధడేలుమంది, నేను గోడ పట్టుకుని ఆగాను. శనివారం పని మొదలయ్యేలోగా సామాను పైకి చేరవేస్తూ నేను ఆ మెట్టు ఎక్కింది మహా అయితే ఆరేడుసార్లు. ఆ మాత్రానికే కాలు అలవాటు పడిపోయింది.

కింద నుంచి మనవరాలు, "జాగ్రత్తండీ, మేమూ నిన్నటి నుంచి అలాగే తూలుతున్నాం. రెండు రోజుల్లో సర్దుకుంటుందిలెండి," అంది.

ఆ సాయంత్రం విమానాశ్రయంలో కూర్చుని మేస్త్రికి ఫోను చేశాను. అవతల చాలామంది గొంతులు, ఎవరో నవ్వుతున్నారు. ఇల్లు చేరిన సందడి.

"టీచరమ్మా! ఎక్కిన్రా? ఎట్లున్నది?"

బాగుంది అని ఊరుకోవాల్సింది. మనసులో అదే అనుకున్నాను కూడా. కాని నా నోరు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. తూలానని చెప్పాను, వాళ్లూ తూలుతున్నారని చెప్పాను, అది అలవాటు వల్లేగాని మెట్టు సరిగ్గానే ఉందని చెప్పాను. ఆఖరి మాట అతనికి వినబడిందో లేదో తెలియదు. అవతల గొంతులన్నీ అలాగే ఉన్నాయి.

అతను గొంతు తగ్గించి అడిగాడు. "తగ్గిందా టీచరమ్మా? ఎంత తగ్గింది? ఏలెడు తగ్గిందా?"

తగ్గలేదండీ, సమంగానే ఉంది, మీరే రసమట్టం పెట్టి చూశారు కదా అన్నాను. అవును, చూశాను అన్నాడు. బుడగ నడుమనే ఉంది కదా అన్నాడు. ఉందన్నాను. నిజంగా ఉందో లేదో నాకు గుర్తు లేదు. నేను ఆ క్షణంలో అతని ముఖం చూస్తున్నాను, బుడగను కాదు.

నా విమానం పిలిచారు. బ్యాగు తగిలించుకుని వరసలో నిలబడ్డాను. అది సరైన వరసేనా అని ముందున్న ఆవిడను అడిగితే, ఆవిడ కూడా ముందున్న ఆయన్ని అడిగింది.